నాటకీయమైన కాల్పనిక ప్రకృతి దృశ్యాలను డిజిటల్‌గా చిత్రించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

గాలిలో తేలే దీవులు, మేఘాల్లో తల దాచుకున్న కోటలు, రెండు చందమామలున్న ఆకాశాలు వేయాలని కూర్చున్నవారు దాదాపు ఒకే చోట్ల తడబడతారు. అందువల్లనే అవే సందేహాలు మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి. వాటిని పని జరిగే వరుసలో దశలుగా విడదీసి ఇక్కడ కూర్చాను. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్న విడిగా చదువుకోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

ఖరీదైన సాఫ్ట్‌వేర్, స్క్రీన్ ఉన్న టాబ్లెట్ లేకపోతే ఇలాంటి బొమ్మలు వేయలేమా?

వేయగలరు. ఫొటోషాప్, క్లిప్ స్టూడియో పెయింట్, ప్రొక్రియేట్, క్రిటా, వీటిలో ఏది వాడినా ఈ పనికి కావలసినవి నాలుగే: లేయర్లు (ఒకదానిపై ఒకటి పరిచే పారదర్శక పొరలు), మాస్కులు (పొరలో కొంత భాగాన్ని చెరపకుండా దాచేవి), బ్లెండ్ మోడ్‌లు (పై పొర రంగు కింది పొరతో కలిసే పద్ధతులు), చేతి ఒత్తిడిని గుర్తించే బ్రష్‌లు. క్రిటా ఉచితంగా దొరికే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్, అందులో ఈ నాలుగూ ఉన్నాయి. స్క్రీన్ లేని టాబ్లెట్‌పై గీస్తూ ఎదుటి మానిటర్‌ను చూడడం మొదట్లో ఇబ్బందిగా ఉన్నా, కొన్ని వారాల్లో చెయ్యి అలవాటు పడుతుంది. డబ్బు పెట్టదలచుకుంటే ముందు మానిటర్‌పై పెట్టండి. ముదురు రంగుల మధ్య తేడా చూపించలేని తెరపై రాత్రి దృశ్యం వేయడం, కళ్ళకు గంతలు కట్టుకుని సూదిలో దారం ఎక్కించడం లాంటిది.

కాన్వాస్ ఎంత పెద్దది తీసుకోవాలి?

తెరపై చూపించడానికే అయితే పొడుగు వైపు 4,000 పిక్సెళ్లు చాలు. ఏ3 కాగితంపై 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కల చొప్పున) అచ్చు వేయించాలంటే 4,961 × 3,508 పిక్సెళ్లు కావాలి. అయితే చిత్తు దశలోనే అంత కాన్వాస్ తెరవకండి. 1,200 పిక్సెళ్ల వెడల్పులో కూర్పు, వెలుగు కుదిరిన తరువాత సైజు పెంచుకోవడం మంచిది, ఎందుకంటే పెద్ద కాన్వాస్ కనబడగానే చెయ్యి ఊరుకోక, కొండ ఎక్కడ ఉండాలో తేలకముందే రాళ్ళ పగుళ్ళు గీయడం మొదలుపెడుతుంది.

ఆకాశంలో రంగు మెల్లగా మారాల్సిన చోట చారలు పడుతున్నాయి. బ్రష్ తప్పా, నా తప్పా?

రెండూ కావు, అంకెల కొరత. 8 బిట్ ఫైల్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కొక్కదానికి 256 మెట్లే ఉంటాయి. సంధ్యాకాశంలో 3,000 పిక్సెళ్ల పొడవునా రంగు కేవలం 20 మెట్లు మాత్రమే మారుతుంటే, ఒక్కో మెట్టు 150 పిక్సెళ్ల వెడల్పు పట్టీగా కనబడక తప్పదు. 16 బిట్‌లో పని చేస్తే మెట్లు ఎంతో సన్నబడతాయి, కానీ ఫైల్ బరువెక్కుతుంది, పాత కంప్యూటర్లు మొరాయిస్తాయి. చివరికి 8 బిట్‌లోకి మార్చే ముందు ఆకాశంపై కంటికి ఆననంత సన్నని నాయిస్ (రేణువుల్లాంటి చుక్కలు) చల్లితే పట్టీల అంచులు చెదిరిపోతాయి. గరుకైన బ్రష్‌తో వేసిన ఆకాశంలో ఈ సమస్య అసలు తలెత్తదు. నున్నటి గ్రేడియెంట్‌ను (ఒక రంగు మరో రంగులోకి మెల్లగా మారే పూతను) అంతగా నమ్ముకోకపోవడానికి అదొక కారణం.

రిఫరెన్స్ ఫొటోలు చూసి వేస్తే అది ఊహాచిత్రం ఎలా అవుతుంది?

వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమంటారు. ఈ పనిలో లెక్క తలకిందులవుతుంది: ఒక్క అబద్ధాన్ని నమ్మించడానికి వెయ్యి నిజాలు చెప్పాలి. తేలే కొండ అబద్ధం, కానీ దానిపై పడే ఎండ, దాని పగుళ్ళు, దాన్ని చుట్టిన పొగమంచు నిజమైనవిగా ఉన్నప్పుడే చూసేవారు ఆ అబద్ధాన్ని ఒప్పుకుంటారు. చైనాలోని జాంగ్‌జియాజీ ఇసుకరాతి స్తంభాలు, వెనిజులా, బ్రెజిల్, గయానాల సరిహద్దులో బల్లలా చదునైన తలతో నిలిచిన రొరైమా పర్వతం, ఉత్తర ఐర్లండ్ తీరంలో దాదాపు 40,000 బసాల్ట్ స్తంభాలున్న జెయింట్స్ కాజ్‌వే, ఇవన్నీ ఊహకు అందనంత వింతగా ఉండే నిజాలు. ఒక ఫొటోను యథాతథంగా దించకుండా, నాలుగైదు ఫొటోల నుంచి రాయి చీలే తీరు, మంచు నిలిచే చోట్లు, చెట్లు ఆగిపోయే ఎత్తు గమనించి రాసుకుని, ఆ తరువాత ఫొటోలు మూసేసి వేయండి.

## చిత్తు దశ

థంబ్‌నెయిల్స్ (చిన్న చిత్తుబొమ్మలు) వేయడం నిజంగా అవసరమా? నేరుగా మొదలుపెడితే ఏమవుతుంది?

నేరుగా మొదలుపెట్టినవారు సాధారణంగా మొదట తట్టిన కూర్పునే వేస్తారు: మధ్యలో కోట, అటూ ఇటూ కొండలు, పైన చందమామ. అది అందరికీ మొదట తట్టేదే. అరచేతిలో పట్టేంత చిన్న చతురస్రాలు పది గీసి, నలుపు, బూడిద, తెలుపు అనే మూడు రంగులతోనే నింపండి, ఒక్కోదానికి మూడు నిమిషాలకు మించి పెట్టవద్దు. ఆ మూడింటిలో ఒకటి చిత్రంలో సగానికి పైగా ఆక్రమించాలి, మరొకటి కొద్దిచోటే ఉండాలి. మూడూ సమానంగా పంచుకున్న చిత్రంలో నాటకీయత ఉండదు. నా అనుభవంలో పనికొచ్చే చిత్తు ఏడోదో ఎనిమిదోదో అవుతుంది, మొదటి మూడూ చేతి బద్ధకం తీర్చుకోవడానికే సరిపోతాయి.

కాన్వాస్ నిండా కోట వేసినా బొమ్మలో అది చిన్నగానే కనబడుతోంది, ఎందుకు?

కంటికి పిక్సెళ్లతో పని లేదు, పోలికతోనే పని. కోట ఎత్తు 1,000 పిక్సెళ్లు అనుకుందాం. అందులో కిటికీ 50 పిక్సెళ్ల ఎత్తున వేస్తే, కిటికీ అనగానే మనకు మీటరున్నర తోస్తుంది కనుక, కోట మొత్తం 30 మీటర్లే అవుతుంది. అదే కిటికీని 4 పిక్సెళ్ల చుక్కగా తగ్గిస్తే, కోటలో మరేమీ మార్చకుండానే అది 375 మీటర్లకు పెరుగుతుంది. పెద్దతనం చూపించాలంటే పెద్ద వస్తువును ఇంకా పెంచడం కాదు, దానిపై ఉన్న చిన్న వస్తువులను తగ్గించాలి.

చిన్నవి తగ్గించడంతోపాటు అవి ఎక్కడున్నాయన్నదీ ముఖ్యం. ఎగిరే పక్షుల గుంపు, వంతెనపై నడిచే మనిషి, సన్నని మెట్లదారి కోటకు ఎంత దగ్గరగా ఉంటే పోలిక అంత బలపడుతుంది. ముందుభాగంలో నిలబెట్టిన మనిషి ముందుభాగపు కొలతే చెప్పగలడు. కోట అడుగును ఒక మబ్బు తునక కప్పితే, మబ్బు అంతెత్తున ఉంటుందని అందరికీ తెలుసు కనుక కొలత దానంతటదే వస్తుంది. ఇక బ్రష్ గుర్తులు: గోడపై ఒక్కో రాయీ విడిగా కనబడేలా గీస్తే ఆ గోడ పెరటి గోడ అవుతుంది.

క్షితిజరేఖ ఎక్కడ పెట్టాలో తేలడం లేదు.

క్షితిజరేఖ అంటే చూసేవారి కంటి మట్టం. దాన్ని చిత్రం అడుగు అంచుకు దగ్గరగా దించితే చూసేవారు లోయలో నిలబడి తల పైకెత్తినట్టు ఉంటుంది, శిఖరాలు మీదికి లేస్తాయి. పైకి జరిపితే కొండకొమ్ము మీద నుంచి రాజ్యమంతా చూస్తున్నట్టు ఉంటుంది. సరిగ్గా మధ్యలో పెడితే రెండూ జరగవు. కొండలు క్షితిజరేఖను పూర్తిగా కప్పేసినా సరే, విడి లేయర్‌లో గీసి ఉంచుకోండి. సమతలం మీద నిలబడిన మనుషులు, ఓడలు, గోపురాల పరిమాణాలన్నీ దాన్ని బట్టే సరిచూసుకోవాలి.

## వెలుగు, గాలి

దూరపు కొండలు ఒకదాని వెనక ఒకటి నిలబెట్టిన అట్టముక్కల్లా ఉన్నాయి. నీలం రంగు పూసినా ఫలితం లేదు.

దూరం అంటే నీలం అని కంఠస్థం చేయడం వల్ల వచ్చే చిక్కు ఇది. మనకూ కొండకూ మధ్య ఉన్న గాలి తన మీద పడిన వెలుగును చెదరగొట్టి మన కంటికి పంపుతుంది, అందులో పొట్టి తరంగాలైన నీలం పాలు ఎక్కువ. ఆ వెలుగు కొండ రంగుకు అదనంగా వచ్చి కలుస్తుంది కనుక ముందుగా మారేవి నీడలే. నల్లటి పగుళ్ళు మొదట నీలిబూడిదగా తేలిపోతాయి. మంచు శిఖరాల వంటి తెల్లని భాగాలు అంతగా మారవు, వాటి నుంచి వచ్చే వెలుగులో నీలం దారిలో కొంత జారిపోతుంది కనుక కొద్దిగా పసుపుపచ్చ వైపు తిరుగుతాయి. కొండ మొత్తం మీద ఒకే నీలం పూసినప్పుడు ఈ తేడా చచ్చిపోతుంది, అట్టముక్క మిగులుతుంది.

ఆచరణలో ఇలా చేయండి. దిగంతానికి ఆనుకుని ఉన్న ఆకాశపు రంగును ఐడ్రాపర్‌తో (తెరపై ఉన్న రంగును పట్టుకునే పనిముట్టుతో) తీసుకుని, ఒక్కో కొండవరుసపై క్లిప్పింగ్ మాస్క్ లేయర్ (కింది పొర ఆకారం దాటి రంగు పోనివ్వని పొర) పెట్టి, నార్మల్ మోడ్‌లోనే, దగ్గరి వరుసకు 10 శాతం, తరువాతి దానికి 30, ఆ తరువాత 55, చివరిదానికి 75 శాతం చొప్పున పూయండి. సంధ్యవేళ ఆ రంగు నారింజ కావచ్చు, ఇసుక తుఫానులో గోధుమరంగు కావచ్చు, నీలమే కానక్కరలేదు. తరువాత పెద్ద మెత్తటి బ్రష్‌తో కొండల పాదాల దగ్గర ఇంకొంచెం చేర్చండి. పొగమంచు లోయల్లో నిలుస్తుంది కనుక కొండ అడుగు శిఖరం కంటే పాలిపోయి ఉండాలి. అలా ఉన్నప్పుడు ముందు వరుస ముదురు శిఖరరేఖ వెనక వరుస లేత పాదం మీద పడుతుంది, రెండింటి మధ్య మైళ్ళ గాలి ఉన్నట్టు కనబడుతుంది.

ఎన్ని వెలుగులు పెట్టినా నాటకీయత రావడం లేదు.

ఎన్నో పెట్టడం వల్లనే రావడం లేదు. చిత్రంలో నాలుగింట మూడు వంతులు మబ్బునీడలో ముంచి, ఎండను ఒకే చోట పడనివ్వండి. ఆ చోటులోనే అత్యంత లేతరంగు, అత్యంత ముదురు రంగు పక్కపక్కన తగలాలి, అంచులు అక్కడే పదునుగా ఉండాలి. ప్రకృతి దృశ్యాలు వేసిన చిత్రకారులు టర్నర్ (1775–1851), జాన్ మార్టిన్ (1789–1854), బియర్‌స్టాట్ (1830–1902) చిత్రాలను చిన్నవిగా చేసి రంగు తీసేసి చూడండి: వెలుగు ఎంత పిసినారిగా ఖర్చయిందో తెలుస్తుంది. ఆకాశంలో మబ్బులు వేసేది మీరే కనుక, వాటి నీడ కొండలపై ఎక్కడ పడాలన్నదీ మీ ఇష్టమే.

మేఘాల మధ్య నుంచి దిగే కాంతి కిరణాలు విసనకర్రలా అతికించినట్టున్నాయి.

సూర్యకిరణాలు నిజానికి సమాంతరమైనవి, రైలు పట్టాలు దూరాన కలిసినట్టు కనబడే కారణంతోనే అవి ఒక బిందువు నుంచి విచ్చుకున్నట్టు కనబడతాయి. ఆ బిందువు సూర్యుడున్న చోటే కావాలి, మేఘంలోని కంత దగ్గర కాదు. ఎక్కువమంది చేసే తప్పు ఇదే. కిరణాల వెడల్పు, మధ్య ఖాళీ సమానంగా ఉండకూడదు, కిందికి వచ్చేకొద్దీ మాసిపోవాలి, కొన్ని కొండ వెనక దిగాలి, కొన్ని ముందు. నాలుగు చాలు.

నీడల్లో నలుపు వాడకూడదంటారు, నిజమేనా?

పగటి దృశ్యంలో నిజమే. ఎండ తగలని చోటును ఆకాశం వెలిగిస్తుంది కనుక అక్కడ చల్లని రంగు ఉంటుంది. గుహ ముఖం, రెండు బండల మధ్య సందు వంటి ఆకాశం కూడా కనబడని చోట్లలో, అదీ ముందుభాగంలో అయితే, దాదాపు నలుపు వాడవచ్చు.

ఆకాశంలో పెద్ద చందమామ వేస్తే స్టిక్కర్ అంటించినట్టుంది.

మామూలు చంద్రబింబం ఆకాశంలో అర డిగ్రీ మాత్రమే ఉంటుంది. 60 డిగ్రీల దృశ్యాన్ని 4,000 పిక్సెళ్లలో వేస్తే అది 30 పిక్సెళ్ల చుక్క. కాల్పనిక లోకంలో దాన్ని 1,500 పిక్సెళ్లు చేయవచ్చు, అది మీకున్న స్వేచ్ఛ. కానీ అది గాలికి అవతల ఉందన్న సంగతి మారదు. పగటిపూట గాని సంధ్యవేళ గాని చందమామ చీకటి భాగం చుట్టూ ఉన్న ఆకాశం కంటే ముదురుగా కనబడడానికి వీల్లేదు, ఎందుకంటే ఆకాశపు వెలుగు మనకూ దానికీ మధ్యలో ఉంది. చందమామను నల్లటి బింబంపై వేసి, ఆ లేయర్‌ను స్క్రీన్ మోడ్‌లోకి మార్చండి. నలుపు మాయమై, వెలిగే భాగం మాత్రమే ఆకాశంలో కలిసిపోతుంది, స్టిక్కర్ వాలకం ఆ క్షణమే పోతుంది. మేఘాల లేయర్ దానికి పైన ఉండాలి.

దిశ కూడా చూసుకోవాలి. వెలిగే అంచు సూర్యుడి వైపే తిరగాలి. చిత్రంలో అస్తమిస్తున్న సూర్యుడు ఉంటే పక్కనే ఉన్న చందమామ సన్నని నెలవంక కావాలి. పున్నమి చంద్రుడు సూర్యుడికి ఎదురు దిక్కున, అంటే మన వీపు వెనక ఉంటాడు. రెండు చందమామలు వేస్తే రెండింటి వెలుగు అంచులూ ఒకే సూర్యుడిని చూడాలి. ఇక నెలవంక కొమ్ముల మధ్య చుక్కలు వేసినవారికి ఒక్క మాట: అక్కడ రాయి ఉంది.

## మేఘం, రాయి, నీరు

మేఘాలు దూదిపింజల్లా వస్తున్నాయి.

మెత్తటి గుండ్రని బ్రష్ పక్కన పెట్టి, లాసోతో (చేత్తో గీసిన గీత మేర ఎంచుకునే పనిముట్టుతో) మేఘపు ఆకారాన్ని కోసి, వెలుగు వైపు, నీడ వైపు రెండే రంగులతో మొదలుపెట్టండి. కుప్ప మేఘాల అడుగులు ఒకే ఎత్తులో చదునుగా ఉంటాయి, ఆవిరి నీటిబొట్టుగా మారే మట్టం అదే కనుక. తలపై ఉన్న మేఘం అడుగు వెడల్పుగా కనబడి, దిగంతం వైపు వెళ్ళేకొద్దీ సన్నటి గీతలుగా నొక్కుకుపోవాలి. ఈ ఒక్కటి కుదిరితే ఆకాశానికి లోతు వస్తుంది. వెలుగు వైపు అంచులు కొన్ని కత్తితో కోసినట్టు, నీడ వైపువి మాసినట్టు ఉంచండి. ఉరుముల మేఘమైతే 10 కిలోమీటర్లు దాటి లేచి, పైన దాగలిలా పరుచుకుంటుంది. పక్కన శిఖరం దాని నడుము వరకు కూడా రాకూడదు.

తేలే దీవి నమ్మదగినట్టు ఎలా ఉంటుంది?

నేల నుంచి పెకలించినట్టు వేయండి. పైనున్న రాతిపొరల వాలు కిందా అదే వాలులో కొనసాగాలి, తెగిన చోట రంగు తాజాగా ఉండాలి, వేళ్ళు వేలాడాలి. అడుగు భాగం పూర్తి చీకటి కాదు: కింద నేలపై ఎండ పడుతుంటే అక్కడి ఆకుపచ్చో ఇసుకరంగో తిరిగి పైకి కొట్టి అడుగును లేతగా వెలిగిస్తుంది. అన్నిటికన్నా ముఖ్యమైనది నేల మీద దాని నీడ. నీడ వేయని దీవి తేలదు, ఎక్కడుందో తెలియక మిగులుతుంది.

జలపాతం కుళాయి నీరులా ఉంది.

పైనుంచి కింది వరకు ఒకే మందంతో గీసినందువల్ల. వెనిజులాలోని ఏంజెల్ జలపాతం ఎత్తు 979 మీటర్లు. వానలు తక్కువగా ఉండే కాలంలో అక్కడి నీటిలో చాలా భాగం నేలను చేరకముందే తుంపరగా మారిపోతుంది. ఎత్తు చూపించాలంటే పైన తెల్లని తాడులా మొదలై, మధ్యలో బాణాల్లాంటి ముద్దలుగా విడిపోయి, కింద రాయి కనబడనంత మంచుగా కరిగిపోవాలి. బ్రష్ గీతలు పొడవుగా లాగకండి. పొడవైన గీత వేగాన్ని, వేగం దగ్గరితనాన్ని సూచిస్తుంది.

నీటిలో ప్రతిబింబానికి కొండ లేయర్‌ను తిరగేస్తే చాలదా?

దూరపు కొండలకు దాదాపు చాలు, దగ్గరి వస్తువులకు చాలదు. నీరు వస్తువును కింది నుంచి చూస్తుంది, కనుక వంతెన అడుగు భాగం ప్రతిబింబంలో కనబడాలి, పైభాగం కనబడకూడదు. లేతరంగులను కొంచెం ముదురుగా, ముదురు రంగులను కొంచెం లేతగా మార్చండి. అలలుంటే ప్రతిబింబం నిలువుగా సాగుతుంది.

ఇంద్రధనుస్సు వేయాలంటే?

సూర్యుడు చూసేవారి వీపు వెనకే ఉండాలి. సూర్యుడు, ఇంద్రధనుస్సు ఒకే చిత్రంలో ఉండడం కుదరదు. విల్లు లోపలి ఆకాశం బయటి దానికంటే లేతగా ఉంటుంది. అడ్ మోడ్‌లో గాని స్క్రీన్‌లో గాని, సిగ్గుపడేంత తక్కువ ఒపాసిటీతో (రంగు దట్టతతో) వేయండి.

లావా, మాయా స్ఫటికాలు వెలుగుతున్నట్టు కాక ఎర్ర రంగు పూసినట్టున్నాయి.

వెలుగు మూలంలోనే రంగు గాఢంగా ఉంచడం దీనికి కారణం. 1,100 నుంచి 1,200 డిగ్రీల సెల్సియస్ వేడి ఉన్న బసాల్ట్ లావా నడిమి భాగం దాదాపు తెల్లబడిన పసుపు కావాలి. గాఢమైన నారింజ దాని అంచుల్లో, ఎరుపు చల్లారుతున్న పెంకు పగుళ్ళలో ఉండాలి. ఆ తరువాత కలర్ డాడ్జ్ (కింది రంగును మెరిసేలా చేసే మోడ్) లేయర్‌లో ముదురు నారింజతో, మెత్తటి బ్రష్‌తో చుట్టూ ఒక్కసారి తాకండి. చివరగా ఆ వెలుగు పక్క రాళ్ళ ఏ ముఖాలకు ఎదురుగా ఉందో వాటిపైనే రంగు వేయండి. చుట్టూ చీకటి లేకపోతే మాత్రం ఎంత డాడ్జ్ చేసినా వెలగదు.

## రంగులు, బ్రష్‌లు

నలుపు తెలుపుల్లో వేసి తరువాత రంగు అద్దితే బురదగా తయారవుతోంది.

కలర్ మోడ్‌లో (కింది వెలుగునీడలను ఉంచి రంగు మాత్రమే మార్చే మోడ్‌లో) ఒకే రంగు పూస్తే వెలుగుకూ నీడకూ ఒకే వర్ణం వస్తుంది, ప్రకృతిలో అలా ఉండదు. ముందు గ్రేడియెంట్ మ్యాప్‌తో (వెలుగు స్థాయిని బట్టి రంగు కేటాయించే పనిముట్టుతో) నీడలకు చల్లని రంగు, మధ్యస్థాయికి గాఢమైన రంగు, వెలుగుకు వెచ్చని రంగు ఇవ్వండి. దాన్ని అడుగు పూతగా మాత్రమే భావించి, పైన నార్మల్ మోడ్‌లో ఒపేక్ (కింది రంగు కనబడనివ్వని) బ్రష్‌తో ముఖ్యమైన చోట్లన్నీ మళ్ళీ వేయండి. ఈ రెండో పనికి బద్ధకించినప్పుడే బురద మిగులుతుంది.

ఎన్ని బ్రష్‌లు కావాలి?

గట్టి అంచుది ఒకటి, గరుకుది ఒకటి, మెత్తటిది ఒకటి. చెట్ల బ్రష్, మేఘాల బ్రష్ వంటివి ఒక్కో ముద్రనూ ఒకేలా వేస్తాయి, కన్ను ఆ పునరుక్తిని వెంటనే పట్టేస్తుంది. వాడినా పైన చేత్తో సగం చెరిపేయండి.

ఫొటో ముక్కలు అతికించడం మోసం కాదా?

కాన్సెప్ట్ ఆర్ట్ (సినిమాలు, ఆటల కోసం ముందుగా వేసే ఊహాచిత్రాలు) రంగంలో ఇది మామూలు పద్ధతి. ఫొటో మీదై ఉండాలి, లేదా దాని లైసెన్స్ అందుకు అనుమతించాలి, అడిగినవారికి దాచకుండా చెప్పాలి. కళాపరంగా దీని ప్రమాదం వేరే ఉంది: ఫొటోలోని ఎండ ఒక వైపు నుంచి, మీ చిత్రంలోది మరో వైపు నుంచి వస్తుంది. అద్దంలోలా తిప్పి దిశ కలపండి, దానిలోని నలుపును మీ చిత్రపు ఆ దూరానికి తగ్గ బూడిదకు లేపండి, ఆపైన బ్రష్‌తో అనవసరమైన వివరాలు చెరపండి. చెరపడానికి మనసొప్పనివారు అతికించకపోవడమే మేలు.

## ముగించే దశ

బొమ్మ పూర్తయిందని ఎలా తెలుస్తుంది?

కాన్వాస్‌ను అద్దంలోలా తిప్పి, వేలిగోరంత చిన్నది చేసి చూడండి. మీరు అనుకున్న చోటికే కన్ను ముందుగా వెళితే, ఇక చేర్చాల్సింది లేదు. ఆ తరువాత చేసే ప్రతి పనికీ ఒక కారణం చెప్పుకోలేకపోతే ఆపండి. ముందుభాగంలోని గడ్డికి మూడు గంటలు పట్టి, చివరికి కోట కంటే గడ్డే ఎక్కువగా కనబడే స్థితికి చేరిన చిత్రాలు నా దగ్గరే చాలా ఉన్నాయి.

తెరపై బాగున్న రాత్రి దృశ్యం అచ్చులో నల్లగా వచ్చింది, ఎవరిది తప్పు?

నాకూ ఇది జరిగింది. చీకటి గదిలో, మానిటర్ వెలుగు నిండుగా పెట్టుకుని వేసిన అడవి, కాగితంపై నల్లటి పలకగా వచ్చింది, అచ్చు వేసినవారిని అనవలసింది ఏమీ లేదు. తెర తానే వెలుగుతుంది, కాగితం గదిలోని వెలుగును తిరిగి పంపుతుంది, అంతే. మానిటర్ పక్కన తెల్లకాగితం పెట్టి, తెరలోని తెలుపు కాగితం కంటే మెరవకుండా వెలుగు తగ్గించుకుని, ఆ స్థితిలో ముదురు భాగాలను లెవెల్స్‌తో (వెలుగునీడల స్థాయి మార్చే పనిముట్టుతో) పైకి లేపండి. మాయావెలుగులకు వాడే మెరిసే నీలం, ఆకుపచ్చ రంగులు అచ్చు సిరాల పరిధిలో ఉండవు. ప్రింటర్ ప్రొఫైల్‌తో (ఆ ప్రింటర్ రంగుల వివరాలున్న ఫైల్‌తో) సాఫ్ట్ ప్రూఫ్ చేసి, అంటే అచ్చు ఎలా వస్తుందో తెరపైనే చూస్తే ఏవి వాడిపోతాయో ముందే తెలుస్తుంది. పూర్తి సైజు అచ్చుకు ముందు, చిత్రంలోని అత్యంత చీకటి భాగం నుంచి అరచేయంత ముక్కను అదే కాగితంపై వేయించి, పగటి వెలుగులో చూసుకోండి.